రెండింట్లో ఒకటి తినేది

గోదావరిఖని,
నవంబర్ 2.

కాబోయే బావగారు శ్రీ అచ్యుతరావు గారికి సదానందం నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. మండపేటలో మీరూ, అమ్మణ్ణి చెల్లెమ్మ గారూ క్షేమమని తలుస్తాను.

ఈ రోజుల్లో ఉత్తరమేమిటని నవ్వుకోవద్దు. బొగ్గు బావి మీద ఫ్యాన్ హౌస్‌లో ముప్పై రెండేళ్లు డ్యూటీ చేశాను. కింద పనిచేసే వాళ్లకు గాలి పంపే పెద్ద పంకా అది. దాని మోతకు నా చెవులు నాకంటే ముందే రిటైరయ్యాయి. ఫోన్లో మీరు ఏం మాట్లాడినా నాకు పంకా తిరిగినట్టే ఉంటుంది. ఫోన్లో మెసేజీలు రాయడం నేర్పిస్తానని మా అబ్బాయి భూపాల్ అన్నాడు గానీ, గంటకోసారి పెన్ను పట్టి రిజిస్టరు నింపిన చేయి ఇది, అద్దం మీద వేలితో గీకడం దానికి నచ్చలేదు.

అసలు విషయానికి వస్తాను. మా భూపాల్ బావిలో పనివాళ్లను చూసుకునే ఓవర్‌మన్, మీ మైత్రి రామగుండం కరెంటు ప్లాంటులో ఇంజనీరు. పిల్లలిద్దరూ ఇష్టపడ్డారు, మనం సరేనన్నాం, డిసెంబర్ పదిన మీ ఇంట్లో నిశ్చితార్థం అనుకున్నాం. కానీ చెల్లెమ్మ గారు ఇంకా మనస్ఫూర్తిగా ఒప్పుకోలేదనీ, "ఆ బొగ్గు ఊళ్లో మా పిల్ల ఏం తింటుంది?" అని బెంగ పెట్టుకున్నారనీ తెలిసింది. భూపాల్‌కు ముప్పై రెండు నడుస్తున్నాయి. మైత్రి తప్ప ఇంకో పిల్ల ఊసెత్తితే అన్నం ముందు నుంచి లేచిపోతాడు. కాబట్టి చెల్లెమ్మ గారి బెంగకు జవాబుగా పార్సిల్ పంపిస్తున్నాను.

పార్సిల్లో రెండు వస్తువులున్నాయి. రెండూ మా ఆవిడ లస్మవ్వ సొంతంగా చేసినవే, బజారు సరుకు కాదు. ఒకటి సర్వపిండి, మా వైపు ప్రతి ఇంట్లో చేసుకునేది. పిండిని కుండ లోపల ఒత్తి కాలుస్తారు కాబట్టి కుండ వంపు తిరిగి వస్తుంది. రెండోది పాత కాగితాలతో చేసినది, ఇంట్లో అందంగా పెట్టుకోవడానికి. తిని, చూసి, మీ అభిప్రాయం రాయగలరు.

ఇట్లు,
సర్వపిండి మీద పూర్తి నమ్మకంతో,
మీ సదానందం.

తా.క.: "ఏది ఏందో పేర్లు రాసి అతికియ్యుండ్రి" అని లస్మవ్వ అంటోంది. తినేదేదో పెట్టుకునేదేదో చిన్నపిల్లలు కూడా చెప్తారు, మీరు చదువుకున్నవారు, అలా రాస్తే అవమానించినట్టు ఉంటుందని రాయలేదు.


మండపేట,
నవంబర్ 8.

బావగారు శ్రీ సదానందం గారికి అచ్యుతరావు నమస్కారములు. పార్సిల్ భద్రంగా అందింది. కాలువ లాకుల దగ్గర ఇరవై ఎనిమిదేళ్లు తలుపులెత్తించి దింపించినవాణ్ణి, దేన్నైనా కొలవకుండా మాట్లాడను. అందువల్ల కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు కాగితం పని గురించి. బావగారూ, అద్భుతం! గుండ్రంగా, పళ్లెమంత ఉంది. ఎర్రటి నేల మీద నిజమైన నువ్వులు, పల్లీ పలుకులు, కరివేపాకు పొదిగారే, కాగితమంటే ఎవరూ నమ్మరు. తాడు కట్టడానికి మధ్యలో ఐదు రంధ్రాలు కూడా మీరే పెట్టారు. ఆ ముందుచూపుకు ముచ్చటేసి వెంటనే హాల్లో మేకు కొట్టి వేలాడదీశాను. వచ్చినవాళ్లంతా ఆగి చూస్తున్నారు. కొందరు వాసన కూడా చూస్తున్నారు.

ఇక సర్వపిండి. మీరు రాసినట్టే చక్కగా కుండ వంపు తిరిగి ఉంది. అడుగు వెడల్పు, అరడుగు లోతు, పసుపు రంగు, ఘుమఘుమలాడే మెంతుల వాసన. చేత్తో విరవబోతే విరగలేదు. అట్లకాడతో ప్రయత్నించాం. తర్వాత పచ్చడి బండ. చివరికి నా పాత సుత్తి తీయవలసి వచ్చింది. ముక్కలు సాంబారులో వేసి రెండు గంటలు నానబెడితే గిన్నెడు సాంబారూ పీల్చేసుకున్నాయి. మర్యాద కోసం నేను రెండు ముక్కలు తిన్నాను. నమిలిన కొద్దీ నోట్లో పెరిగాయి. మా ఆవిడ ఒక్క ముక్క కొరికి, "ఏవండీ, అమ్మాయి అక్కడ రోజూ ఇదే తినాలాండీ?" అని కళ్లనీళ్లు పెట్టుకుంది. నేను సర్దిచెప్పాను గానీ, దాస్తే బాగుండదని రాస్తున్నాను, ఆవిడ బెంగ ఇప్పుడు ఇంకా పెరిగింది.

అయినా ఇచ్చిపుచ్చుకోవడం ఉండాలి కదా. మా ఆవిడ మా వైపు ప్రత్యేకత ఒక కట్ట, దానిలోకి పొడి విడిగా, నిన్ననే పార్సిల్ చేయించింది. తాజాగా ఉంటుందని విడివిడిగా పంపాం. ఏం చేయాలో మీకు రాయడమంటే నేనూ మిమ్మల్ని అవమానించినట్టే కదా!

ఇట్లు,
దవడలు కొంచెం నొప్పిగా ఉన్న
మీ అచ్యుతరావు.

తా.క.: గోడ మీది దానికి చీమలు పట్టాయి. ఫరవాలేదు, రెండు పూతలు వార్నిష్ కొట్టాను. ఇప్పుడు మెరిసిపోతోంది.


గోదావరిఖని,
నవంబర్ 13.

బావగారికి నమస్కారాలతో సదానందం రాయునది.

మీ పార్సిల్ ముందు వచ్చింది, ఉత్తరం రెండు రోజులు ఆగి వచ్చింది. ముందు ఉత్తరం సంగతి మాట్లాడతాను. లస్మవ్వ సర్వపిండి గట్టిగా ఉందా? సుత్తితో కొట్టారా? మా కాలనీలో లస్మవ్వ సర్వపిండి కాలుస్తుంటే సెకండ్ షిఫ్టుకు పోయేవాళ్లు మా గుమ్మం ముందు సైకిళ్లు ఆపుతారు. పళ్లు లేని మా ముసలి మొగిలి కాక కూడా నాలుగు ముక్కలు తిని ఇంకోటి జేబులో వేసుకుంటాడు. మీ ఉత్తరం గట్టిగా చదివి వినిపించాను. సుత్తి దగ్గరికి వచ్చేసరికి లస్మవ్వ గోడ వైపు తిరిగి కూర్చుంది. కొంగు నోట్లో కుక్కుకుంది. భుజాలు అదిరిపోతున్నాయి. నలభై ఏళ్ల కాపురంలో ఆమె ఇంతగా ఏడవడం నేను చూడలేదు బావగారూ. నా గుండె తరుక్కుపోయింది.

కాసేపటికి కళ్లు తుడుచుకుని, "రాయుండ్రి. ఊకె ఇడిసిపెట్టకుండ్రి. మంచిగ రెండు మూడు పేజీలు రాయుండ్రి, గప్పుడు గాని వాళ్లకు ఎరుక గాదు" అంది. అందుకే పెద్ద కాగితం తీసుకున్నాను.

ఇప్పుడు మీరు పంపిన కాగితం సంగతి. కట్ట విప్పగానే తెల్లగా, పలుచగా, ఊదితే ఎగిరిపోయేలా ఉన్నాయి. మీ వైపు కూడా కాగితం పని ఉందని లస్మవ్వ ఎంత సంబరపడిందో. మా పద్ధతిలో మెంతులు వేసి నానబెట్టింది. బావగారూ, చెప్పకూడదు గానీ, ఇంత నాసిరకం కాగితం నేను చూడలేదు. నీళ్లు తగిలీ తగలగానే కరిగి గంజి అయిపోయింది. ఇక ఆ రంగు పొడి! ఇంట్లో ఉన్న పాత కాగితం పనికి దాన్ని పూస్తే తెల్లారేసరికి కాలనీ చీమలన్నీ మా ఇంటికి వచ్చాయి. మీ గోడకు పట్టిన చీమలకూ కారణం ఇదే అయి ఉంటుంది, పొడి డబ్బా పక్కన పెట్టి ఉంటారు.

మనసులో ఏమీ పెట్టుకోవద్దు. కానీ లస్మవ్వ వంటను ఇంకెవరైనా అలా అంటే నేను ఊరుకునేవాణ్ణి కాదు.

ఇట్లు,
నొచ్చుకున్న
సదానందం.

తా.క.: మీ కాగితం గంజి అయిన బాధ తట్టుకోలేక లస్మవ్వ రెండు రోజులుగా నా పక్కనే కూర్చుని కాసిపేటలో ఉన్న తన చెల్లెలు సారవ్వతో గంటసేపు ఫోన్ మాట్లాడుతోంది. నాకు ఒక్క ముక్క వినపడదు.

తా.తా.క.: ఆ కాగితం వస్తువు గురించి లస్మవ్వ చెప్పమంది: "ఊకె గోడకు ఏలాడగట్టుడు ఏంది? దాంట్ల ఎల్లిగడ్డలు పెట్టుకొమ్మనుండ్రి."


మండపేట,
నవంబర్ 18.

శ్రీ సదానందం గారికి,

మీ ఉత్తరం చదివి పది నిమిషాలు కుర్చీలోంచి లేవలేకపోయాను. మీరు నానబెట్టినది కాగితం కాదండీ. పూతరేకుల రేకులు! మా ఆవిడ పిన్నిగారి ఊరు వెళ్లి, దగ్గర కూర్చుని, కుండ మీద ఒక్కొక్కటే తీయించి తెచ్చిన వంద రేకులు! ఆ పొడి బెల్లం, జీడిపప్పు, యాలకులు! నెయ్యి రాసి, పొడి చల్లి, చుట్టుకుని తినమని పంపితే మెంతులు వేసి నానబెడతారా? తినే వస్తువుకీ, అలంకరణ వస్తువుకీ తేడా తెలియని ఇల్లు ఉంటుందని నేను కలలో కూడా అనుకోలేదు.

ఇది చదివి వినిపిస్తుంటే మా ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి పరుగెత్తి తలుపేసుకుంది. లోపల్నుంచి వెక్కిళ్లు వినిపిస్తున్నాయి. మంచినీళ్లు ఇద్దామని వెళితే, ముఖం చూపించకుండా తలుపు సందులోంచి గ్లాసు తీసుకుంది. ముప్పై నాలుగేళ్లలో నేనెప్పుడూ ఆవిణ్ణి ఇంత బాధపెట్టలేదు. మీరు ఒక్క ఉత్తరంతో పెట్టారు.

ఇంకో విషయం. నా కింది పళ్ల బ్రిడ్జి కదిలింది. పళ్ల డాక్టరు దగ్గరికి వెళితే చిన్న చిమటాతో లోపల్నుంచి ఒక ముక్క లాగారు. కాగితం ముక్క! దాని మీద నీలం సిరాతో, చేతిరాతతో, ఒక్క మాట: "బాగున్నది." ఏమండీ, మీ వైపు వంట ఎలా ఉందో తినేవాళ్లు చెప్పాలా, లేక వండేవాళ్లే లోపల రాసి పెడతారా? డాక్టరు గారు ఆ ముక్కను పది మంది పేషెంట్లకు చూపించారు.

ఈ పరిస్థితుల్లో పదో తారీఖు నిశ్చితార్థం వాయిదా వేయడమే మంచిదని నా అభిప్రాయం. పిల్లలు బాధపడతారని తెలుసు. నాకూ బాధగానే ఉంది. మైత్రి ఆ అబ్బాయి పేరు ఎత్తితేనే దాని గొంతు మారుతుంది, నేను గమనించలేదనుకుంటుంది. కానీ ఒకరి తిండి ఒకరికి తెలియని చోట పిల్లనెలా పంపను? మా ఆవిణ్ణి అడిగితే, "మీకేం తోస్తే అది రాయండి. కానీ ఇంత క్లుప్తంగానా? కోపం వచ్చినప్పుడు వివరంగా రాయాలండీ. దళసరి కాగితం మీద రాయండి" అంది. పాపం, ఎంత కోపంగా ఉందో చూడండి.

ఇట్లు,
అచ్యుతరావు.

తా.క.: మీ సర్వపిండి ఇంకా సగం ఉంది. ఇంత జరిగినా దాన్ని మా ఆవిడ బీరువాలో దాచింది. అదీ మా సంస్కారం.

తా.తా.క.: అలంకరణ వస్తువులో వెల్లుల్లి పెట్టమన్నారు. పెట్టాం. ఐదు రంధ్రాల్లో ఐదు రెబ్బలు దూర్చాం. ఇంట్లో ఇంకా పావుకిలో ఉంది. ఎక్కడ పెట్టాలి?


గోదావరిఖని,
నవంబర్ 23.

పూజ్యులైన బావగారికి సదానందం చేతులు జోడించి రాయునది.

మీ ఉత్తరంలో "బాగున్నది" అన్న మాట చూడగానే ఆ వాక్యం మళ్లీ మళ్లీ చదివాను. ఆ చేతిరాత నాది.

ఫ్యాన్ హౌస్‌లో కంపెనీ రిజిస్టరు కాక నా సొంత డైరీ ఒకటి ఉండేది. షిఫ్టు దిగే ముందు రోజూ ఒక మాట రాసేవాణ్ణి: "గాలి బాగున్నది." కింద ఎంతమంది ఉన్నారో, అందరికీ సరిపడా గాలి అందిందని. ముప్పై రెండేళ్లలో ఇంకో మాట రాయాల్సిన అవసరం ఒక్కరోజు కూడా రాలేదు. నేను గొప్పగా చెప్పుకోగలిగింది అదొక్కటే. ఆ డైరీలు అటక మీద కనిపించడం లేదని నెల నుంచి వెతుకుతున్నాను.

లస్మవ్వను అడిగాను. "గవి చెదలు పట్టిపోతున్నయి గద. మీ చెవులు దిన్న నౌకరి కాయితాలు ఊకె మట్టిల గలుస్తయా అని మెంతులేసి నానబెట్టి రుబ్బిన, కుండ మీద పూసి బుట్ట జేసిన. లోపలికి మాత్రం మంచి పేజీలు ఏరి అతికిచ్చి మీదికెళ్లి పసుపు రాసిన. పిల్లనిచ్చేటోళ్ల ఇంటికి మంచి మాట పోవాలె గద" అంది.

అర్థమైందా బావగారూ? మీరు సుత్తితో కొట్టి, సాంబారులో నానబెట్టి తిన్నది సర్వపిండి కాదు, కాగితం బుట్ట. ఉల్లిగడ్డలు, ఎల్లిగడ్డలు పోసుకునే బుట్ట. మీరు ఎంతకాలం నా డ్యూటీ తిన్నారో నేను లెక్క కట్టలేను. మీ హాల్లో వార్నిష్ కొట్టి వేలాడేదే సర్వపిండి. వంపుగా చేస్తే పార్సిల్లో విరుగుతుందని లస్మవ్వ ఈసారి పెనం మీద పరిచి కాల్చిందట. నాకు చెప్పలేదు. మీరు నువ్వులు, రంధ్రాలు అని రాసినా సుత్తి మాట మీది కోపంలో నాకు తట్టలేదు. ఆ రంధ్రాలు తాడు కోసం కాదు, కాలేటప్పుడు నూనె దిగడానికి వేలితో పెట్టేవి.

పేర్లు రాయమని లస్మవ్వ మొదటే చెప్పింది. నేను వినలేదు. ఈ తప్పుకు చెవులు కారణం కాదు, నా గొప్పే కారణం. పూతరేకులు చుట్టినవి తిన్నాం గానీ విప్పినవి ఎప్పుడూ చూడలేదు. చెల్లెమ్మ గారి వంద రేకుల కష్టానికి నేను ఏమిచ్చినా సరిపోదు.

బావగారూ, మాటకు మాట అని పోకండి. నా మీద కోపం పిల్లల మీద చూపించకండి. సంబంధం తప్పిపోతే భూపాల్ ముఖం ఎలా చూడాలో నాకు తెలియదు. వాడు పిచ్చివాడు, ఇంత జరుగుతున్నా ఈల వేసుకుంటూ ఫస్ట్ షిఫ్టుకు పోతున్నాడు. బాధ ఎక్కువై అలా అయ్యాడేమోనని నాకు ఇంకో ఫికర్.

ఇట్లు,
తలవంచుకుని,
మీ సదానందం.

తా.క.: ఇదంతా రాస్తుంటే లస్మవ్వ పక్కనుంచి, "ఇంకో పేజీ రాయుండ్రి, మాఫీ అడిగేటప్పుడు పిసినారితనం ఏంది" అంటోంది. అందుకే అక్షరాలు కాస్త పెద్దగా రాశాను.


మండపేట,
నవంబర్ 28.

ప్రియమైన బావగారికి అచ్యుతరావు నమస్కరించి, కొంచెం సిగ్గుపడుతూ రాయునది.

మీ ఉత్తరం చదివి ముందు గోడ వైపు చూశాను. వార్నిష్ కింద నువ్వులు నన్ను చూసి నవ్వినట్టే అనిపించింది. తర్వాత మీరు మొదటి ఉత్తరంలో నిజంగా ఏం రాశారో ఇంకోసారి చూద్దామని ఫైలు తెరిచాను. ఖాళీ! మీ ఉత్తరం ఒక్కటీ లేదు.

పెరట్లోకి వెళ్లాను. మా ఆవిడ పీట వేసుకుని కూర్చుంది. ముందు బోర్లించిన కుండ, కుండ మీద బూడిద రంగు ముద్ద, ఆ ముద్దలోంచి తలకిందులుగా నాకు కనిపించిన మాట: "కాబోయే బావగారు". పక్కన అరుగు మీద ఫోను. అందులోంచి లస్మవ్వ చెల్లెమ్మ గొంతు ఖంగుమంటోంది: "వదినె, మెంతులు మెత్తగ నూరినవా? అంచు దగ్గర మందంగ పెట్టు. కాయితం జాలకుంటె ఫికర్ చెయ్యకు, మాయన ఇంకోటి రాస్తుండు."

దొరికిపోయాక మా ఆవిడ దాచలేదు. మీ ఇంట్లో రేకులు గంజి అయిన రోజే లస్మవ్వ చెల్లెమ్మకు అనుమానం వచ్చి ఇక్కడికి ఫోన్ చేసిందట. ఏది బుట్టో, ఏది సర్వపిండో, ఏది రేకో ఇద్దరికీ ఐదు నిమిషాల్లో తేలిపోయింది. అంటే మనం ఒకరినొకరు తిట్టుకోవడం మొదలుపెట్టేసరికే అంతా తేలిపోయింది! కాసిపేట సారవ్వ అంటే మా ఆవిడే బావగారూ. మీ పక్కనే కూర్చుని మాట్లాడింది మా ఆవిడతోనే. గోడ వైపు తిరిగిన మీ ఆవిడ భుజాలు ఎందుకు అదిరాయో, మా వంటింట్లో వెక్కిళ్లు ఎందుకు వచ్చాయో మీకిప్పుడు చెప్పక్కర్లేదు. పిల్లలకు కూడా తెలుసు. అందుకే ఆ ఈల.

"మరి నాకెందుకు చెప్పలేదు?" అని అరిచాను. మా ఆవిడ చేతికంటిన ముద్ద చూపిస్తూ, "చెబితే రాయడం మానేస్తారు కదండీ. వదిన బుట్టను మీరు సుత్తితో కొట్టారు, నేను ఒకటి చేసి ఇవ్వద్దూ? మీ ఉత్తరాలతో అక్కడొకటి, అన్నయ్య గారి ఉత్తరాలతో ఇక్కడొకటి. ఇద్దరికీ కాగితం చాలటం లేదు, రాసుకోనిద్దాం అనుకున్నాం" అంది.

నిశ్చితార్థం సంగతి కూడా అంతే. వాయిదా అని నేను రాసిన దానికి ముందు రోజే మైత్రి మీకు ముగ్గురికీ రైలు టిక్కెట్లు తీసేసింది. తొమ్మిదిన రామగుండంలో ఎక్కడమే. "అమ్మాయి అక్కడ ఏం తింటుందని అన్నావుగా?" అని మా ఆవిణ్ణి అడిగాను. "నన్ను రెండు వారాలు ఇంతగా నవ్వించిన మనిషి ఇంట్లో నా కూతురు ఏం తిన్నా అరుగుతుందండీ" అంది. అది అని మళ్లీ కుండకు ముద్ద పూయడం మొదలుపెట్టింది. నేను కుండ కదలకుండా పట్టుకున్నాను.

బీరువాలోని సగం బుట్ట తీసి చూశాను. పసుపు కింద ఇంకా చాలా చోట్ల మీ మాట కనిపిస్తోంది. మిగిలినది నేను తినను, నమ్మండి. మీరు వచ్చినప్పుడు మీ చేతికే ఇస్తాను. ఇన్నేళ్లు కింద ఉన్నవాళ్లకు గాలి అందించిన మనిషి ఇంటికి పిల్లను పంపడానికి నేను సంకోచించానే అని నాకు నిజంగా సిగ్గుగా ఉంది.

గోడ మీది సర్వపిండి తీయను. వెల్లుల్లి రెబ్బలకు మొలకలు వచ్చాయి, చూడ్డానికి బాగుంది. లస్మవ్వ చెల్లెమ్మను వచ్చేటప్పుడు వార్నిష్ లేనిది ఇంకోటి తెమ్మనండి.

ఇట్లు,
గాలి బాగున్న చోటి నుంచి,
మీ బావ అచ్యుతరావు.

తా.క.: ఈ ఉత్తరం చదవగానే చొక్కా లోపలి జేబులో దాచుకోండి. మీ ఇంట్లో బుట్టకు అంచు ఇంకా మిగిలి ఉందట.

తా.తా.క.: దీనికి మాత్రం తప్పకుండా జవాబు రాయండి. తిట్టినా సరే, నాలుగు పేజీలు తగ్గకూడదు. మా బుట్టకు మూత లేదు.